సంపాదన కొఱకు గాని ప్రయాణము

మా ఆర్మూరువారు విదేశములకు పోవుట క్రొత్త గాదు. ఏ వీధిలో నిలిచి యడిగినను, దుబాయి, షార్జా, దోహా, మస్కటులలో నెక్కడనో యొక బంధువు లేని యిల్లు అరుదు. పసుపు ధర పడిపోయిన యేడాది, బోరు ఎండిపోయిన యేడాది, ఆడపిల్ల పెండ్లి చేసిన యేడాది, ఈ మూడింటిలో నేదో యొకటి మనిషిచేత పాస్‌పోర్టు తీయించును. కావున మా సీమలో పాస్‌పోర్టనగా నొక చిన్న పుస్తకము గాదు. అప్పునకు ఎదురుగా నిలిపిన తాకట్టు. దానిని చూచి మా ఆడవారు సంతోషింపరు. అది ఇల్లు వెడలిన నాటినుండి దినములు లెక్కింతురు.

ఇట్టి యూరిలో మేము గడచిన కార్తికమాసమున నొక రాత్రి, అందఱును అన్నము తినుచుండగా, “పాస్‌పోర్టు వచ్చినది. వైశాఖములో సైకిలుపై సింహళదేశము చూచి రావలెనని యున్నది” అంటిమి. మా వారు కలిపిన ముద్దను కంచములోనే విడిచిరి. అత్తగారు మాత్రము తడుముకొనలేదు.

“దుబాయి పోయెటోళ్ళు పైసలు సంపాయించేటందుకు పోతరు. నువ్వు ఉన్న పైసలు ఖర్చు పెట్టేటందుకు పోతవా, బిడ్డా?” అని యడిగిరి.

ఆ ప్రశ్నకు నాటి రాత్రి మావద్ద సమాధానము లేదు. తరువాతి ఆఱు నెలలును మేము సైకిలును, పటమును, డబ్బు లెక్కను సవరించుకొనుచుంటిమన్న మాటయే గాని, నిజమునకు ఆ యొక్క ప్రశ్నకే సమాధానము వెదకుచుంటిమి.

“మేము” అని వ్రాయుట పత్రికా మర్యాద. పోవునది మాత్రము ఒక్కరమే. ఏబదియొక్క యేండ్ల వయస్సు, బడిలో సాంఘికశాస్త్రము చెప్పు వృత్తి, రెండెకరముల పసుపు చేను గల సంసారము, మోకాళ్ళలో అప్పుడప్పుడు నొప్పి: ఇవి మా యోగ్యతలు. సైకిలు త్రొక్కుట నేర్చి మూడేండ్లు గాలేదు.

చిన్ననాడు మా పుట్టింట నొక సైకిలుండెను. అది అన్నకు బడికి, బాపుకు అంగడికి. దానిని తుడుచు పని మాది. ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల దూరమున నుండుటచేత, “ఆడపిల్ల అంత దూరం నడిచి పోవద్దు” అని యేడవ తరగతి తరువాత నొక యేడాది మా చదువు నిలిచిపోయినది. నడువరాదన్న యా దూరము సైకిలునకు పదునైదు నిమిషముల త్రోవ యని ఇంట నెవ్వరికిని తోచలేదు. మాకు తోచినను చెప్పు ధైర్యము లేకపోయెను.

అటుపై అయిదాఱేండ్లకే, 1991లో, తమిళనాట పుదుక్కోట జిల్లాలో నడచిన అక్షరాస్యతా ఉద్యమము స్త్రీలకు అక్షరములతోపాటు సైకిలును గూడ నేర్పినది. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి దన్నుగా నిలిచిరి. పొలములలో కూలికి పోవువారు, రాతి గనులలో పనిచేయువారు, పల్లెల దాదులు, ఉపాధ్యాయినులు వేలకొలదిగా సైకిలెక్కిరి. నీటి బిందె, చంటిబిడ్డ, అంగడి మూట అన్నియు సైకిలుమీదనే. బస్సు కొఱకును, తండ్రి కొఱకును, భర్త కొఱకును కాచుకొని యుండు పని వారికి తప్పినది. ఈ సంగతిని మేము ప్రతి సంవత్సరమును పిల్లలకు చెప్పుచుంటిమి. ఒక యేడు ఎనిమిదవ తరగతి బాలిక లేచి, “టీచర్, మీకు సైకిల్ వస్తదా?” అని యడిగినది. రాదంటిమి. పిల్లలు నవ్వలేదు. నవ్వియున్నచో బాగుండెడిది.

ఆ ఆదివారమునుండి బడి మైదానమున నలుగురు బాలికలు వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తగా మేము నేర్చితిమి. పడుట లెక్కలేనన్ని మారులు. మోచేతిమీద మచ్చ నేటికిని గలదు. తొలిమారు వారు చేయి విడిచిన సంగతి మాకు తెలియక ముప్పది గజములు పోయితిమి. తెలిసిన తోడనే పడితిమి.

ఇక అత్తగారి మాటకు వత్తము. ఆ మాటలో లోభము లేదు, గాయమున్నది. ఆమె చిన్న కుమారుడు, మా మరది, 1998లో షార్జాకు పోయెను. దిగిన నాడే అతని పాస్‌పోర్టును పనిలో పెట్టుకొన్నవారు తీసికొని పెట్టెలో పెట్టి తాళము వేసిరి. ఆ దేశములలో పనివారి పాస్‌పోర్టును యజమాని తనవద్ద నుంచుకొనుట చట్టము మెచ్చని యాచారము. మెచ్చకున్నను నడచిన యాచారము. మామగారు కాలము చేసినప్పుడు అది చేతికి రాలేదు. దశదినములు గడచినను, నెల మాసికము గడచినను కొడుకు రాలేదు. ఏడేండ్లకు వచ్చెను. ఆ పుస్తకమును మరల ఇంటిలో చూచుట అత్తగారికి ఎట్లుండునో మేము ముందు తలపోయకపోవుట మా తప్పు.

మరది ఇప్పుడు పెర్కిట్ వద్ద మోటారు వైండింగు దుకాణము పెట్టుకొని యున్నాడు. షార్జాలో ఏమేమి చూచితివని మేమొకనాడు అడుగగా, కట్టిన మేడలు, పండుకొన్న గది, వాని నడుమ బస్సు కిటికీ యని చెప్పెను. సముద్రపుటొడ్డున నున్న పట్టణమున ఏడేండ్లు బ్రతికి, సముద్రము దగ్గఱకు పోయినది రెండు మారులట.

మా సమాధానమునకు మొదటి తీగ ఇక్కడనే దొరకినది. మా జిల్లానుండి పరదేశములకు పోయినవారు వేలకు వేలు. పరదేశమును చూచినవారు ఎందరు? మరది వంటివారి చెమటమీద మా వీధులలో మేడలు లేచినవి. ఆడపిల్లల చదువులు సాగినవి. ఆ కష్టమునకు చేతులు జోడింపవలసినదే. కాని కష్టపడుటకు దప్ప మఱి యే పనికిని ప్రపంచము మనకు తగదని యొప్పుకొనుట వేఱు సంగతి. ఒక దేశమునకు కూలిగా పోవచ్చును గాని అతిథిగా పోరాదనుట, మనకు మనమే వ్రాసికొన్న బానిస పత్రము.

విచిత్రమేమన, ఇంట మొదట మా పక్షము వహించినది ఆ మరదియే. “వదినా, పో. గని పాస్‌పోర్టు ఎవ్వలడిగినా చూపియ్యి, చేతికియ్యకు” అనెను. సరిహద్దున అధికారులకు ఇయ్యక తప్పదు గదా యంటిమి. “ఇచ్చి, వాపస్ తీసుకునేదాకా ఆడనే నిలవడు” అనెను. ఏ యాత్రా గ్రంథమునందును మాకు కానరాని యుపదేశమిది.

లంకనే యెంచుకొనుటకు కారణము చెప్పవలెను. మొదట మేమును అందఱివలె ఐరోపాఖండపు పటములే విప్పితిమి. నదుల వెంబడి సైకిళ్ళకై ప్రత్యేకముగా వేసిన బాటలున్న దేశములవి. కాని విమానపు వెల, వీసాకు కావలసిన పత్రములు, చలి, తిండి, అన్నియు ఒక్కసారి మీద పడును. అభ్యాసము లేనివారికి తొలి పరదేశము తమ దేశమునకు దగ్గఱగా నుండుట మంచిది. లంకలో మనవలెనే బండ్లు ఎడమప్రక్కన పోవును. అన్నము దొరకును. ఊరికి ఊరు దగ్గఱ. ప్రవేశానుమతి అంతర్జాలము ద్వారా ఇంటినుండియే పొందవచ్చును. మా యూరి ముందఱినుండి పోవు 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగరమున బయలుదేఱి కన్యాకుమారిలో సముద్రమును చేరును. ఆ సముద్రమునకు ఆవలి యొడ్డు లంక. కావున మా వీధిని కొంచెము పొడిగించుకొనుచున్నామని మా వారితో నంటిమి. ఆయన నవ్విరి. నవ్వుట ఒప్పుకొనుట గాదు గాని, దానికి ముందు మెట్టు.

మఱియొక కారణము గలదు. క్యాండీ రాజ్యమును 1739 మొదలు 1815 వఱకు ఏలిన నలుగురు రాజులు నాయక్కర్ వంశమువారు. మధుర నాయకుల బంధువర్గము, తెలుగు మూలము గలవారు. వీరిలో కీర్తిశ్రీ రాజసింహుని కాలమున, 1753లో, సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, లంకలో అంతరించిన ఉపసంపద దీక్షను మరల నెలకొల్పిరి. కడపటివాడైన శ్రీ విక్రమ రాజసింహుని ఆంగ్లేయులు 1815లో పట్టి, వెల్లూరుకు పంపిరి. అక్కడనే 1832లో మరణించెను. రాజులు పోయిరి గాని మాట పోలేదు. అహికుంటకులను పేరుగల సంచారజాతివారు, పాముల నాడించియు జోస్యము చెప్పియు బ్రతికినవారు, నేటికిని ఇండ్లలో నొక విధమగు తెలుగు పలుకుచున్నారు. అనురాధపురము జిల్లాలో తంబుత్తేగమ ప్రాంతమున వారి నివాసములున్నవి. వారిని వింతగా చూచుటకు మేము పోవుట లేదు. ఒక నమస్కారము చెప్పి, వారు పిలిచినచో అరుగుమీద కూర్చుండి, మన మాట సముద్రము దాటి యెట్లు మాఱినదో విందుమని కోరిక. పిలువకున్నచో సైకిలెక్కి ముందుకు పోదుము.

కాలనిర్ణయము మాది గాదు, పసుపుది, బడిది. పసుపు తొమ్మిది నెలల పంట. తొలకరిలో విత్తి, పుష్యమాఘములలో త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి మెఱుగుపట్టి, కాడి వేఱు గోళ వేఱు చేసి నిజామాబాదు యార్డునకు తోలువఱకు ఇల్లు కదలరాదు. అమ్మకమైన తరువాత మరల విత్తువఱకు నొక్కటే విరామము. బడికి వేసవి సెలవులును అప్పుడే. లంకలో నా దినములు ఉక్కగా నుండును. సాయంకాలములందు ఉఱుములతో వాన పడును. నెల చివరకు నైరృతి గాలి బలపడును. మా యూరి వేసవితో పోల్చిన నా యెండ చల్లనిదే. తెల్లవాఱకముందు బయలుదేఱి, పదిగంటలకు నీడ పట్టిన సరిపోవును.

మా బాట ఇది. కొలంబో విమానాశ్రయము ఊరికి వెలుపల, నెగొంబో ప్రక్కన గలదు. అక్కడ దిగి, పెట్టెలోని సైకిలును విప్పి బిగించి, ఒక దినము విశ్రాంతి. తరువాత సముద్రతీరము వెంబడి ఉత్తరముగా చిలాపమునకు, అక్కడినుండి పుత్తళమునకు, పిమ్మట లోపలికి తిరిగి అనురాధపురమునకు. ఈ త్రోవ దాదాపు సమతలము. గాలి బలపడినను వెనుకనుండియే తోయును. ఎదురుదిక్కున చుట్టి వచ్చినచో నదే గాలి ఱొమ్మున తగులును. అనురాధపురమునుండి దంబుళ్ళ, అటనుండి కొండలెక్కి మాతలే మీదుగా క్యాండీ. మొత్తము సుమారు మూడువందల కిలోమీటర్లు. త్రొక్కు దినములు ఆఱు. ఊరక కూర్చుండు దినములు నాలుగు. క్యాండీనుండి రైలులో తిరుగుదుము.

ఈ యూరక కూర్చుండు దినములను మాకు నేర్పినవారు పూర్వయాత్రికులు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమున బయలుదేఱి, హైదరాబాదు, నాగపురముల మీదుగా మా సీమ ప్రక్కనుండియే కాశికి పోయిరి. వెంట పెద్ద పరివారము, పల్లకీలు. అయినను ఆయన గొప్పతనము పరివారమున లేదు. ప్రతి మజిలీలోను నీరున్నదా, అంగడి యున్నదా, దిగుటకు చోటున్నదా యని తరువాతివారి కొఱకు వ్రాసిపెట్టుటలో నున్నది. 1923 అక్టోబరులో బొంబాయినుండి ఆఱుగురు పారసీ యువకులు సైకిళ్ళపై భూప్రదక్షిణమునకు వెడలిరి. వారు వ్యాయామశాలలో బరువులెత్తిన దేహములవారు. 1928లో ప్రదక్షిణము ముగించి వచ్చినవారు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా. బలము గలవారిలోనే సగము మంది నడుమ మానుకొనగా, మానుకొనుట నేరము గాదని మేము గ్రహించితిమి. అందుచేత మా బాటలో ప్రతి మజిలీవద్ద, ఇక చాలు అనిపించినచో బస్సు గాని రైలు గాని యెక్కడ దొరకునో గుర్తు పెట్టుకొన్నాము.

మాకు మిక్కిలి దగ్గఱగా తోచినది మాత్రము ఆనీ లండన్‌డెరీ. ముగ్గురు బిడ్డల తల్లి. 1894లో బోస్టను నగరమున బయలుదేఱునప్పటికి సైకిలుమీద కూర్చుండుట నేర్చి కొలది దినములే. పందొమ్మిది కిలోల ఆడవారి సైకిలు, పొడవు లంగా. చికాగో చేరువఱకు ఆమెకు బుద్ధి వచ్చినది. ఆ సైకిలు విడిచి, దానిలో సగము బరువుగల మగవారి సైకిలు పుచ్చుకొని, లంగా మాని వేఱు దుస్తులు తొడిగినది. 1895లో చికాగోకు తిరిగివచ్చినది. చాల దూరము ఓడలలో పోయినదని, కథలు పెంచి చెప్పినదని ఆమెమీద విమర్శ గలదు. ఉండనిండు. తెలియక బయలుదేఱి త్రోవలో నేర్చుకొన్నదను మాట నిజము.

మా చికాగో పోచంపాడు. సంక్రాంతి సెలవులలో తొలి పరీక్షగా శ్రీరాంసాగరు ఆనకట్టకు బయలుదేఱితిమి. ఇరువదికి పైబడిన కిలోమీటర్లు, అంతే. కాని సంసారమునంతయు వెంట గట్టుకొంటిమి. దుప్పట్లు రెండు, గ్యాసు పొయ్యి, మందుల పెట్టె, నాలుగు జతల బట్టలు, చదువుటకు మూడు పుస్తకములు, అత్తగారిచ్చిన సకినాల డబ్బా. అన్నియు వెనుక క్యారియరుమీద ఎత్తుగా కట్టుటచేత సైకిలు త్రాగిన మనిషివలె ఊగినది. లారీలు ప్రక్కనుండి పోవునప్పుడు గాలికి రోడ్డు అంచునకు పోయితిమి. బాల్కొండ దాటకముందే వెనుక చక్రములో రెండు పుల్లలు తెగి, రింగు వంకరపోయినది. మోకాలు బిగిసినది. సైకిలును ట్రాలీ ఆటోలో వేసికొని ఇల్లు చేరితిమి. వీధివారు ఏమియు ననలేదు. ఆటో చుట్టు నిలిచి చూచిరి. ఆ రాత్రి పాస్‌పోర్టును బీరువాలో అడుగున పెట్టి వేసితిమి.

దానిని మరల పైకి తీసినది మా వారే. “సైకిల్‌ది తప్పా, నీది తప్పా, బరువుది తప్పా? లెక్క తియ్యి” అనిరి. పసుపు కాంటాలో నలుబది యేండ్లుగా మోసపోకుండ నిలిచినవారు గదా! ఇంటిలోని త్రాసుమీద ఒక్కొక్క వస్తువును తూచితిమి. మొత్తము పందొమ్మిది కిలోలు. ఆనీ విడిచిపెట్టిన సైకిలు బరువును మేము వీపున గట్టుకొని పోయితిమి! త్రాసుమీదనే దానిని ఎనిమిదికి దించితిమి. పసుపు ఆరబోయు తాడిపత్రి గుడ్డతో మా వీధి దర్జీ రెండు సంచులు కుట్టెను. అవి వెనుక చక్రమునకు ఇరువైపుల క్రిందుగా వ్రేలాడును. బరువు క్రిందికి దిగిన ఊగుట పోయినది. సీటు మిక్కిలి క్రిందుగా నుండుటయే మోకాటి నొప్పికి మూలము. పెడలు అడుగునకు పోయినప్పుడు కాలు కొంచెమే వంగియుండునట్లు దానిని పైకెత్తగా, మందులు చేయని పని జరిగినది. ఎత్తువచ్చినపుడు బలము చూపక, చిన్న గేరులో తేలికగా త్రొక్కవలెనని తెలిసినది. వెనుక చక్రమునకు గట్టి పుల్లలు వేయించితిమి. సైకిలు దుకాణములో వారమునకొక సాయంకాలము కూర్చుండి ట్యూబు తీయుట, రంధ్రము నీటిలో కనుగొనుట, గీకి సొల్యూషను పూసి అతుకు వేయుట, చెయిను కలుపుట, సైకిలును పెట్టెలో పట్టునట్లు హ్యాండిలు త్రిప్పి పెడళ్ళు విప్పుట నేర్చితిమి. ఎడమ పెడలు మర ఎదురు తిరుగునని తెలియక దానిని మఱింత బిగించి యొక గంట చెమటోడ్చితిమి.

ఉగాదికి సెలవులు కలిసిరాగా రెండవ పరీక్ష. ఆర్మూరునుండి నిర్మల, అటనుండి బాసర, అటనుండి నిజామాబాదు మీదుగా ఇల్లు, మూడు దినములు. ఈ మారు దేహము నిలిచినది, సైకిలు నిలిచినది. నిలువనిది లోకము. త్రోవలో నొక యూర, లాడ్జి గుమాస్తా మా గుర్తింపు కార్డు తిప్పి తిప్పి చూచి, “ఒక్క ఆడమనిషికి రూం ఇయ్యం” అనెను. ఇంకొక చోటను అదే మాట. చేతిలో డబ్బున్నది, వయస్సు ఏబది దాటినది, మాటలాడునది మన తెలుగే. పరదేశమునకు పోకముందే మన సీమలో మేము పరదేశులమైతిమి. కడకు టీకొట్టు నడుపు నొకామె సంగతి విని, “మా ఇంట్ల పండుకో అక్కా” అని చాప పఱచినది. ఉదయమున డబ్బీయబోగా పుచ్చుకొనలేదు. సైకిలు తొక్కుట తన కూఁతురికి చూపుమని మాత్రము కోరినది. అరగంట చూపితిమి.

ఆ రాత్రి చాపమీద మాకు రెండు సంగతులు స్పష్టమైనవి. మొదటిది: ఒంటరిగా పోవు స్త్రీకి అపాయము గలదనునది నిజము, కాని ఆ మాట చెప్పి తలుపు వేయువారే యా యపాయమును పెంచుచున్నారు. రెండవది: ధైర్యమనగా కండ్లు మూసికొనుట గాదు. కావున లంకకు నియమములు వ్రాసికొంటిమి. బస ముందుగా కుదుర్చుకొని, ఒంటరి స్త్రీయని ముందే తెలిపి, ఒప్పుకొన్నవారి యింటనే దిగుట. ప్రొద్దుగ్రుంకుటకు రెండు గంటల ముందే చేరుట. రాత్రి సైకిలు నడుపకుండుట. దినమునకొకసారి ఇంటికి ఫోను. త్రోవ వివరము మా వారివద్దను, మరదివద్దను ఒక్కొక్క ప్రతి. తలకు హెల్మెట్టు, వెనుక ఎఱ్ఱదీపము. త్రాగు నీటిలో లోభము లేకుండుట. మనస్సు వద్దన్న చోట మర్యాద కొఱకు నిలువకుండుట.

ఇక డబ్బు. విమానమునకును సైకిలు పెట్టెకును ఇరువదియెనిమిదివేలు, పది రాత్రుల బసకు ఇరువదియైదువేలు, తిండికిని, రైలుకును, చూడదగిన చోట్ల టిక్కెట్లకును పండ్రెండువేలు, బీమాకు రెండువేలు, ఆపదకు అయిదువేలు. వెరసి డెబ్బదిరెండువేలు. మా జీతములో నెలకు మూడువేలు చొప్పున రెండేండ్లు కూడబెట్టినదే యిది. పసుపు సొమ్ములో పైసా లేదు. మా పెద్దమ్మాయి పెండ్లిలో డేరాలకును దీపములకును ఒక్క రాత్రి ఇంతకు రెట్టింపు పోయినది. నాడు ఎందుకని యెవరును అడుగలేదు. అడుగుట అమంగళమట. సైకిలునకు మాత్రము లెక్క చెప్పవలెను. చెప్పుచున్నాము, చెప్పుటలో మాకు చిన్నతనము లేదు. లెక్క చెప్పదగిన ఖర్చే మంచి ఖర్చు.

మా వారు ఒక యుపాయము చెప్పిరి. “లంకలో బోధివృక్షముంది, క్యాండీలో దంతధాతువుంది. వైశాఖ పూర్ణిమకు తీర్థయాత్ర పోతున్నవని చెప్దాం. ఊరంతా మెచ్చుకుంటది.” ఉపాయము మంచిదే. మన నాయనమ్మలకు ఇల్లు దాటుటకు ఉన్న ద్వారమదొక్కటే. కాశి పేరున, తిరుపతి పేరున వారు గంగను చూచిరి, కొండలు చూచిరి. ఆ ద్వారమును మేము తక్కువ చేయము. బోధివృక్షమునకు మ్రొక్కుదుము, పూర్ణిమనాడు లంకవారు బాటసారులందఱికిని ఉచితముగా అన్నపానములు పెట్టు దన్సల పందిళ్ళలో వరుసన నిలిచి తిందుము. కాని పుణ్యము కొఱకు పోవుచున్నామని చెప్పుట అబద్ధము. చూచుటకు పోవుచున్నాము. మా బడిలోని బాలికలు రేపు ఎచ్చటికైనను పోవలెనన్న, దేవుని అడ్డము పెట్టుకొనవలసిన పని వారికి ఉండరాదు. అందుచే నడిగినవారికెల్ల నిజమే చెప్పితిమి. కొందఱు నవ్విరి. పసుపు యార్డులో నొకాయన, “అక్కా, పంక్చరైతే ఎట్ల?” అని శ్రద్ధగా నడిగెను. ఆ ప్రశ్న మాకు మెప్పుకంటె ప్రియమైనది.

పయనము ఇంక పది దినములున్నది. మొన్న సంచులు సర్దుచుండగా అత్తగారు ఒక మూట తెచ్చి యిచ్చిరి. లోపల మా చేని పసుపు, కాడి యేఱి ఏఱి. “అక్కడోళ్ళకు ఇయ్యి, ఆర్మూరు పసుపని చెప్పు” అనిరి. ఆమె యిట్లు లొంగుదురని మేమనుకొనలేదు. కాని తీసికొనిపోరాదు. లంక ప్రభుత్వము తమ రైతుల మేలుకోరి 2019 చివర పసుపు దిగుమతిని నిలిపివేసినది. మఱుసటి యేడు అక్కడ దాని వెల విపరీతముగా పెరిగి, తమిళనాడు తీరమునుండి పడవలలో దొంగతనముగా పసుపు చేరవేయుచు పలువురు పట్టుబడిరి. ఏ దేశమైనను దుంపలను, విత్తనములను తనిఖీ లేక రానీయదు. అత్తగారికి ఇదంతయు వివరించితిమి. నొచ్చుకొందురని భయపడితిమి.

ఆమె మూట విప్పి యొక కొమ్ము చేతిలో త్రిప్పి చూచి, “పసుపు కోసం పడవల దొంగతనమా!” అని చాలసేపు నవ్విరి. మార్కెట్టులో ఆ పంట ధర కొఱకు జీవితమంతయు ఎదురుచూచిన మనిషి నవ్వు అది. తరువాత మూటను తిరిగి కట్టుకొని, గడపమీద కూర్చుండి, మేము సంచి సర్దుట చూచుచు, మెల్లగా ననిరి: “చిన్నోడు ఏడేండ్లుండి వచ్చిండు. ఏం చూసినవురా అంటే ఒక్క ముచ్చట చెప్పలే. నువ్వు పైసలు తేకున్నా తేకపాయె. అక్కడి ఆడోళ్ళు ఏం తింటరు, ఏం పండిస్తరు, ఎట్ల బతుకుతరు, అన్ని చూసి వచ్చి చెప్పు.”

ఆఱు నెలలుగా వెదకిన సమాధానమును ప్రశ్న వేసినవారే చెప్పిరి. సంచిలోనుండి రెండవ జత చెప్పులు తీసివేసి, ఆ చోట నొక ఖాళీ నోటుపుస్తకము పెట్టితిమి.